లాసన్స్ బే కాలనీలో ఒక తెల్ల కారు, నాలుగు పిల్లులు: కేసు పూర్తి వివరం

ఫిర్యాదు

కారు కొని ఏడాది కూడా నిండలేదు. తెల్ల రంగు సెడాన్. యజమాని పదవీ విరమణ చేసిన ఇంజినీరు. ఉండేది విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్న ఒక పాత అపార్ట్‌మెంటులో. కింద స్తంభాల మధ్య కార్లు పెడతారు. ఆయన చోటు చివరిది, ప్రహరీ గోడను ఆనుకుని ఉంటుంది. పశువైద్యుడిని కాబట్టి నా దగ్గర పిల్లులను రాకుండా చేసే మందేదో ఉంటుందని ఆయన ఆశ. అది చల్లి వెళ్లమని పిలిచారు.

ఆయన చెప్పినవి మూడు. బానెట్ మీద పాదముద్రలు, గీతలు. వెనక టైరు దగ్గర తలుపు తీయగానే ముక్కు పగిలే వాసన. పైగా ఒకరోజు డాష్‌బోర్డులో ఇంజిన్ దీపం వెలిగితే వర్క్‌షాపుకు తీసుకెళ్లారట. వైరు కొరికి ఉందని అక్కడ తేల్చారు. “మూడూ పిల్లుల పనే డాక్టర్ గారూ, నాకు అనుమానమే లేదు” అన్నారు.

నాకు మాత్రం ఉంది. ఇలాంటి కేసుల్లో పిల్లిని ఎలా తోలాలా అని ఆలోచించే ముందు, ఏ మరక ఎవరు చేశారో, ఎందుకు చేశారో విడదీసుకోవాలి. కారు పిల్లికి రకరకాలుగా పనికొస్తుంది. వెచ్చటి పడక అవుతుంది, ఎత్తైన కాపలా చోటు అవుతుంది, మిట్టమధ్యాహ్నం నీడ ఇస్తుంది, తన హద్దు ఇదని రాసుకునే గోడ కూడా అవుతుంది. ఒక్కోదానికి ఒక్కో గుర్తు మిగులుతుంది. మందు కూడా ఒక్కోదానికి వేరు.

అప్పటికే చేసినవి

నేను వెళ్లేసరికి కారు చుట్టూ చిన్న కిరాణా కొట్టే ఉంది. నాలుగు టైర్ల దగ్గరా కలరా ఉండలు. నేలంతా ఫినాయిల్. బానెట్ అంచున కారంపొడి నీళ్లు చల్లిన మరక. గోడ మీద ఎర్ర రంగు నీళ్లు నింపిన సీసాలు. ముందు టైరు వెనక ఆన్‌లైన్‌లో కొన్న అల్ట్రాసోనిక్ పరికరం.

కలరా ఉండలు, ఫినాయిల్ ముందు తీయించాను. పిల్లి కాలేయంలో కొన్ని రసాయనాలను విరిచి బయటకు పంపే ఎంజైములు చాలా తక్కువ. ఫినాయిల్‌లోని ఫినాల్ జాతి పదార్థాలు, కలరా ఉండల్లోని నాఫ్తలీన్ మనకంటే, కుక్కకంటే పిల్లికి ఎక్కువ ప్రమాదం. పిల్లి వాటిని తినక్కరలేదు. తడి నేల మీద నడిచి, తర్వాత కూర్చుని పాదాలు నాక్కుంటే చాలు. నిమ్మ, నారింజ నూనెలు చల్లమనే సలహా కూడా చాలామంది ఇస్తారు. గాఢమైన నూనెలదీ ఇదే కథ. కారం కంట్లో పడి మంట పుడితే పిల్లి ఆ పాదంతోనే కన్ను రుద్దుకుంటుంది. ఆ సెల్లార్‌లో సైకిళ్లు తొక్కే పిల్లలు కూడా ఉన్నారని యజమానికి గుర్తు చేయాల్సి వచ్చింది.

ఎర్ర నీళ్ల సీసాల మీద మన ఊళ్లలో ఉన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో గానీ, పిల్లి కంటికి ఎరుపు మనకు కనిపించినంత ఎరుపుగా కనిపించదు. ఆ సీసాల మధ్య నుంచే ఒక పిల్ల పిల్లి నన్ను తాపీగా చూస్తూ కూర్చుంది.

అల్ట్రాసోనిక్ పరికరం మాత్రం పూర్తిగా బూటకం కాదు. మనకు 20 కిలోహెర్ట్జ్ దాటితే వినిపించదు. పిల్లికి 60 దాటినా వినిపిస్తుంది. కాబట్టి ఆ మోత దానికి చేరుతుంది. కానీ అంత సన్నటి శబ్దం అడ్డం వచ్చిన వస్తువును చుట్టి అవతలికి పోలేదు. టైరు వెనక పెట్టిన పరికరం టైరుకే అరుస్తూ ఉంటుంది. బహిరంగంగా పెట్టినా కొంత తగ్గిస్తుందే తప్ప, పడక వెచ్చగా ఉన్నంతకాలం పిల్లి ఆ గోలకు అలవాటు పడిపోతుంది.

గీతలు

పగటి వెలుతురులో బానెట్‌ను ఏటవాలుగా చూశాను. లోతైన గీతలు కొన్నే: ముందు అద్దం దిగువ అంచున, బానెట్ వాలులో, మూడు నాలుగు సమాంతరంగా, పైనుంచి కిందికి. గోటితో అడ్డంగా గీస్తే గోరు తట్టుకుంటోంది. అవి పిల్లివే. గోడ మీంచి కారు పైకప్పు మీదికి దూకి, అద్దం మీద జారి, ఆగడానికి గోళ్లు బయటపెట్టినప్పుడు పడ్డవి. మామూలుగా నడిచేటప్పుడు పిల్లి గోళ్లు లోపలే ఉంటాయి.

మిగతావి సన్నటి వలలాంటి గుండ్రటి గీతలు, బానెట్ అంతా. ఇవి పిల్లికి సాధ్యం కాదు. వాచ్‌మన్‌ను అడిగితే విషయం బయటపడింది. పొద్దున్నే పాదముద్రలు కనిపిస్తే సారు కోప్పడతారని, ఆయన లేచేలోపు పొడి గుడ్డతో గట్టిగా తుడిచేస్తున్నాడు. బీచ్ పక్క కాలనీలో రాత్రికి రాత్రే కారు మీద పడేది మెత్తటి దుమ్ము కాదు. అందులో ఇసుక నలుసు, ఉప్పు ఉంటాయి. కారు రంగు మీద ఉండే పారదర్శక పొర మందం సుమారు 40 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పలచన. ఇసుక నలుసును దాని మీద గుడ్డతో గుండ్రంగా రుద్దితే ఏమవుతుందో ఇంజినీరుగారికి నేను చెప్పనవసరం లేకపోయింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. వాచ్‌మన్‌ను ఏమీ అనవద్దని మాత్రం అడిగాను, అనలేదు.

అప్పటి నుంచి పద్ధతి మారింది. పాదముద్ర కనిపిస్తే ముందు నీళ్లు పోయాలి, దుమ్ము కారిపోయాక తడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిక్కుగా తుడవాలి. ఈ ఒక్క మార్పుతో కొత్త సన్న గీతలు ఆగిపోయాయి, అప్పటికి పిల్లుల విషయంలో మేమింకా ఏమీ చేయలేదు.

కెమెరాలో కనిపించినవి

సెల్లార్‌లో కెమెరా ఉంది. దాన్ని ఎవరూ చూడరు, అన్ని అపార్ట్‌మెంట్లలో లాగే. కార్యదర్శిగారి ఇంట్లో కూర్చుని వారం రోజుల రాత్రులను వేగంగా తిప్పి చూశాం. పిల్లులు నాలుగు. నలుపు తెలుపు మచ్చల తల్లి, ఎదిగిన దాని పిల్లలు రెండు, పెద్ద బుగ్గల బూడిద రంగు గండుపిల్లి ఒకటి.

కారు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో వస్తుంది. ఇంజిన్ ఆగిన పావుగంటలోపే తల్లి బానెట్ ఎక్కి, సరిగ్గా ఇంజిన్ మీద చుట్ట చుట్టుకుంటుంది. అర్ధరాత్రికి బానెట్ చల్లబడగానే దిగి పోతుంది. చలికాలం కాబట్టి వస్తోందని యజమాని అనుకున్నారు గానీ కారణం అంతకంటే లోతైనది. పిల్లి ఒళ్లు ప్రత్యేకంగా కష్టపడకుండా వేడిని నిలుపుకోగలిగే వాతావరణం సుమారు 30 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అంటే ఉక్కపోతతో మనం ఫ్యాను కింద దొర్లే మే నెల రాత్రి కూడా విశాఖలో దానికి కొంచెం చల్లనే. జనవరిలో 18, 20 డిగ్రీలకు దిగితే చెప్పనక్కరలేదు. కాబట్టి వెచ్చటి బానెట్ ఆకర్షణ ఏడాది పొడుగునా ఉంటుంది. చలికాలంలో పెరుగుతుంది, అంతే.

గండుపిల్లి వచ్చేది తెల్లవారుజామున. నిద్రపోవడానికి కాదు. వెనక టైరుకు వీపు తిప్పి, తోక నిలువుగా లేపి, దాని కొన వణికిస్తూ నిలబడుతుంది. రెండు క్షణాల పని. ఇది మూత్ర విసర్జన కాదు, సంతకం. కూర్చుని నేల మీద పోసేదానికీ, నిలబడి నిలువు చోట చిమ్మేదానికీ తేడా తెలియకపోతే చికిత్స తప్పుతుంది. వృషణాలున్న మగపిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే పదార్థం ఎక్కువ. అది విరిగి గంధకపు సమ్మేళనాలుగా మారినప్పుడు వచ్చేదే ఆ కంపు.

ఇక మూడోది. రాత్రి రెండు గంటల వేళ ముందు చక్రం పక్కనుంచి ఒక ఎలుక బానెట్ లోపలికి పోయింది, చాలాసేపటికి గానీ రాలేదు. మరుసటి రాత్రీ అంతే. కొరికిన వైరు ముక్క యజమాని దాచి ఉంచారు. పక్కపక్కనే రెండు సన్నటి ఉలి దెబ్బల్లాంటి గాట్లు, ప్లాస్టిక్ తొక్క చెక్కేసి ఉంది. పళ్లు అరగదీసుకోవడానికి కొరికే జంతువు గుర్తు అది. పిల్లి పంటితో ఆ గాటు పడదు. అంటే వైరు కొరికిన నేరం పిల్లి మీద పడింది గానీ, ఆ రెండు రాత్రులూ ఎలుక వెళ్లాక చక్రం పక్కనే మాటు వేసి కూర్చున్నది ఆ మచ్చల తల్లే.

“అయితే పిల్లులు ఉండాలంటారా?” అని యజమాని నీరసంగా అడిగారు. ఉండాలి, మీ బానెట్ మీద కాదు అన్నాను.

ఆదివారం చేపలు

ఇంతమంది ఎలుకలు, పిల్లులు ఆ ఒక్క మూలకే ఎందుకు చేరుతున్నారన్నది కెమెరా చెప్పలేదు, ఆదివారం పొద్దున వెళ్లి చూస్తే తెలిసింది. పెద జాలరిపేట వైపు నుంచి చేపలమ్మే ఆమె గంపతో వస్తుంది. కాలనీలో ఆమెకు పాత వాడుక ఇళ్లు చాలా ఉన్నాయి. గేటు లోపల నీడ ఉంది, కుళాయి ఉంది కాబట్టి కత్తిపీట అక్కడే వేస్తుంది. పొలుసు గీకి, పొట్ట చీల్చి, మొప్పలు పక్కన పడేసి, కడిగిన నీళ్లు వదిలేస్తుంది. నేల వాలు ఎటంటే, సరిగ్గా మన కారు కిందున్న కాలువ మూత వైపు. వంగి టార్చి వేసి చూస్తే ఇనుప జల్లెడ కన్నాల్లో పొలుసులు అభ్రకంలా మెరుస్తున్నాయి. జల్లెడ ఒక మూల విరిగి ఉంది; ఎలుకల దారి అదే.

దీనికి తోడు కింది అంతస్తులోని మామ్మగారు రోజూ రాత్రి తొమ్మిదింటికి పెరుగన్నం, చేప ముక్కలు కలిపి ఒక స్తంభం పక్కన పెడతారు. ఆ స్తంభం కారుకు రెండు అడుగుల దూరం. ఆమెకూ ఇంజినీరుగారికీ ఆరు నెలలుగా మాటల్లేవు. నేను ఇద్దరినీ మెట్ల దగ్గర నిలబెట్టి మాట్లాడించాను.

“వాటికి నోరు లేదు బాబూ, ఈయనకు ఉంది” అన్నారు మామ్మగారు.

“నా కారుకూ నోరు లేదండీ” అన్నారాయన.

ఇద్దరూ నవ్వకపోయినా, ఆ తర్వాత కాస్త మెత్తబడ్డారు. తిండి మానేయమని నేను ఆమెను అడగలేదు. మానేస్తే ఆకలి పిల్లులు చెత్తబుట్టలు చింపుతాయి, కార్ల మీద తిరుగుడు పెరుగుతుంది. చోటూ వేళా మార్చమని అడిగాను. అపార్ట్‌మెంటు వెనక, మోటారు గది పక్కన. రాత్రి ఎనిమిదింటికి, అంటే కారు రాకముందే. అరగంట తర్వాత గిన్నె తీసేయాలి, లేకపోతే మిగిలింది ఎలుకల పాలు. పిల్లి తిన్నాక ఒళ్లు నాక్కుని అక్కడికి దగ్గర్లోనే పడుకుంటుంది. కారు వచ్చే వేళకు అది వెనకే కునుకు తీస్తూ ఉండాలన్నది ఈ కేసులో నా అసలు ఎత్తు.

చేపలమ్మే ఆమెకు వెనక కుళాయి చూపించి, వ్యర్థాలకు మూత ఉన్న బకెట్టు ఇచ్చారు. ఆమెకు అభ్యంతరమేమీ లేదు, ఇన్నేళ్లలో అడిగినవాళ్లే లేరంది. ఒక్క మాట మామ్మగారికి ముందే చెప్పి ఉంచాను: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ గంపలు తక్కువ వస్తాయి, చేప ముక్కలు దొరకవు. అప్పుడు గుడ్డో, కోడి ముక్కలో పెట్టి తిండి పరిమాణం తగ్గకుండా చూడాలి. ఏటా ఆ వేసవిలో కాలనీల నుంచి పిల్లుల మీద ఫిర్యాదులు పెరగడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

పడక

బానెట్ తీసేసుకుంటే బదులు ఒకటి ఇవ్వాలి. ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు ప్యాక్ చేసే మందపాటి థర్మోకోల్ పెట్టెలు దొరుకుతాయి. రెండు తెప్పించి కడిగించి, పక్కకు జానెడు వెడల్పు కంత కోయించాను. లోపల ఎండుగడ్డి. పాత దుప్పటి వేయబోయారు గానీ వద్దన్నాను. ఈ గాలిలో దుప్పటి తేమ పీల్చి చల్లగా బరువెక్కుతుంది. పెట్టె పిల్లి ఒంటి వేడినే దానికి తిరిగి ఇస్తుంది, కరెంటు అక్కర్లేదు. మోటారు గది గట్టు మీద, ఛాతీ ఎత్తులో, కంత గోడ వైపు తిప్పి పెట్టాం. ఎత్తు ముఖ్యం. నేల మీద పెట్టిన పెట్టెలను కుక్కల భయంతో పిల్లులు ముట్టవు.

అదే వారం బానెట్‌ను అసౌకర్యంగా మార్చాం. మొదట మెత్తటి నూలు దుప్పటి, దాని మీద మెట్లకు వేసే ప్లాస్టిక్ చాపను బొడిపెలు పైకి వచ్చేలా తిరగేసి పరిచారు. బొడిపెలు గుచ్చుకోవు, గాయం చేయవు, కూర్చోబుద్ధి కాదంతే. కింద నూలు దుప్పటి లేకపోతే చాపే రంగును గీకుతుంది. మొత్తం కారుకు కవరు వేస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. వదులు కవరు పిల్లికి ఊయల. పైగా సముద్రపు ఊళ్లో దాని కింద ఉప్పు తేమ, ఇసుక చిక్కుకుని, గాలికి కవరు ఆడినప్పుడల్లా కారును అదే రుద్దుతుంది.

ఇంకో చిన్న మార్పు: కారును గోడ నుంచి ఒక మీటరు పైగా ఇవతలికి జరిపించి, వెనక్కి తిప్పి పెట్టించాను. గోడ మీంచి నేరుగా పైకప్పు మీదికి దూకే దారి పోయింది. పిల్లి కావాలంటే నేల మీంచి ఎక్కగలదు, దానికది పెద్ద ఎత్తు కాదు. కానీ అద్దం మీద జారి గోళ్లు దింపే ఆ లోతైన గీతలు మళ్లీ పడలేదు.

వాసన

గండుపిల్లి సంతకాన్ని చెరపకుండా మిగతావి ఎన్ని చేసినా అది దాన్ని దిద్దుకోవడానికి వస్తుంది. ఘాటు క్లీనర్లతో కడిగితే దాని వాసనకు పోటీ వచ్చిందనుకుని చాలాసార్లు మళ్లీ చిమ్ముతుంది. అమ్మోనియా ఉన్నవైతే మరీ పనికిరావు, ఆ వాసన మూత్రానికి దగ్గర చుట్టం. ముందు మామూలు నీళ్లు, కొద్దిగా షాంపూ. తర్వాత ఎంజైము క్లీనర్ చల్లి, కనీసం పది పదిహేను నిమిషాలు తడిగా ఉంచాలి. చల్లి వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ. ఎండిన మూత్రపు మరక నీళ్లతో కడిగినా పూర్తిగా పోదు. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా వాసన లేస్తుంది. విశాఖలో తేమ లేని రోజు ఏది? అందుకే చక్రం పైనున్న గూడు లోపలి గోడకు కూడా పట్టించాం, చాలామంది వదిలేసేది అక్కడే. కారు రంగు మీద పడ్డ మూత్రం ఆలస్యం చేస్తే పారదర్శక పొరను తినేస్తుంది, కాబట్టి చూసిన వెంటనే కడగాలి.

శస్త్రచికిత్స, కొన్ని చెడ్డ సలహాలు

యజమాని బంధువు ఒకరు విషం పెట్టమన్నారట. వాచ్‌మన్ గోనెసంచిలో కట్టి కైలాసగిరి మీదో, హార్బర్‌లోనో వదిలేస్తానన్నాడు. మొదటిది నేరం: భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద జంతువును చంపినా, విషం పెట్టినా ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఎలాగూ ఉంది. రెండోది దయలా కనిపించే క్రూరత్వం. కొత్త చోట తిండి ఎక్కడుందో తెలియదు, అక్కడి పిల్లులు కొట్టి తరుముతాయి, కొన్ని పాత చోటికి వెతుక్కుంటూ బయల్దేరి రోడ్ల మీద చస్తాయి. ఇక్కడ ఖాళీ అయిన మూలకు పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి.

తల్లికి గర్భసంచి తీస్తానంటే మామ్మగారు అడ్డం పడ్డారు. “దాని కడుపు కోస్తావా బాబూ?” పిల్లి గర్భం తొమ్మిది వారాలు. మన వాతావరణంలో ఏడాదికి రెండు మూడు ఈతలు సాధారణం. గత వర్షాకాలపు ఈతలో ఎన్ని బతికాయని అడిగాను. ఆమె కాసేపు లెక్కపెట్టుకుని, ఒకటి గేటు దగ్గర కారు కిందే పోయిందని చెప్పి, చివరికి తనే బోను పక్కన కూర్చుంటానన్నారు.

తల్లికి పాలు తాగే పిల్లలు లేవని నిర్ధారించుకుని బోను పెట్టాం. తల్లి వేయించిన చేప తోకకు మొదటి రాత్రే పడింది. గండుపిల్లి అంత అమాయకుడు కాదు. బోను తలుపు మూసుకోకుండా తాడుతో కట్టేసి, కొన్ని రాత్రులు లోపల తిండి పెట్టి, అది తాపీగా లోపల కూర్చుని తినడం అలవాటయ్యాక గానీ తాడు విప్పలేదు. ఆడదానికి పక్క వైపు నుంచి కోత పెట్టాను. వీధిలో తిరిగే పిల్లిని రోజూ పట్టుకుని పొట్ట చూడలేం, పక్క కోత అయితే మామ్మగారు దూరం నుంచే గాయం ఎలా ఉందో చూడగలరు. రెండింటికీ రేబిస్ టీకా వేసి, మత్తులో ఉండగానే ఎడమ చెవి కొన కత్తిరించాం. శస్త్రచికిత్స అయిందని దూరం నుంచి తెలియడానికి అది గుర్తు.

వృషణాలు తీశాక హార్మోను త్వరగానే పడిపోతుంది గానీ అలవాటు పోవడానికి వారాలు పడుతుంది. ఇంచుమించు పదింట తొమ్మిది మగపిల్లుల్లో చిమ్మడం బాగా తగ్గుతుంది లేదా ఆగుతుంది. మన బూడిద రంగువాడు నెల తర్వాత కూడా అప్పుడప్పుడు టైరుకు వీపు తిప్పేవాడు, కానీ కంపు తగ్గింది. తర్వాత మానేశాడు.

ఎలుకలకు విషం వద్దన్నాను; విషం తిన్న ఎలుకను పిల్లి తింటే రెండూ పోతాయి. కాలువ మీద విరిగిన జల్లెడ మార్పించి, సన్న కన్నాల స్టీలు వల బిగించారు. రెండు ఎలుకబోనులు. వర్క్‌షాపులో వైర్లకు గట్టి తొడుగు వేయించారు. ఇవి అయ్యాక ఇంజిన్ దీపం మళ్లీ వెలగలేదు.

ఇప్పుడు

తల్లి థర్మోకోల్ పెట్టెకు మారిపోయింది. చాప కొన్ని వారాలకే తీసేశారు. పిల్లల్లో ఒకటి ఇంకా మధ్యాహ్నం పూట కారు పైకప్పు మీద కూర్చుంటుంది. యజమాని దాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు, సాయంత్రం నీళ్లు పోసి కడుక్కుంటున్నారు. సన్న గీతలు పాలిషింగ్‌తో పోయాయి. అద్దం కింద ఉన్న లోతైన మూడు అలాగే ఉన్నాయి. వాటికి రంగు వేయించాల్సిందే.

ఒక జాగ్రత్త మాత్రం శాశ్వతంగా పాటించమన్నాను. పొద్దున స్టార్టు చేసే ముందు బానెట్ మీద రెండుసార్లు గట్టిగా తట్టి, కాసేపు ఆగాలి. వానాకాలంలో పిల్ల పిల్లులు ఇంజిన్ పక్కకు దూరతాయి. బెల్టులో పడితే నా దగ్గరికి తెచ్చినా చేయగలిగింది తక్కువే. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూలెంట్, కారితే వెంటనే కడిగించాలి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ ఒక చెంచాడు లోపలికి పోయినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతిని చచ్చిపోవచ్చు.

పిల్లల్లో ఆడదానికి శస్త్రచికిత్స మిగిలి ఉంది, దానికి ఈ నెలలో వీలు చూసుకున్నాం. ఖర్చు ఎవరు భరించాలన్న దాని మీద సంఘం సమావేశంలో గొడవ జరిగిందట. చివరికి సగం మామ్మగారు, సగం ఇంజినీరుగారు. మొన్న కెమెరాలో చెవి కొన తెగని పసుపు చారల గండుపిల్లి ఒకటి కనిపించిందని కార్యదర్శి ఫోను చేశారు. బోను మళ్లీ మోటారు గది పక్కకు చేరింది. తలుపు ఇంకా తాడుతో కట్టే ఉంది.